చిక్కి సగమైన పిల్ల

రేగులరేవులో పిల్లల బరువు, పెద్దవాళ్ళు వాళ్ళ గురించి చివరగా అన్న మాటను బట్టి ఉంటుంది. ఎవరైనా పెద్దావిడ బుగ్గ పుణికి "చిక్కిపోయావేం నాన్నా" అంటే ఆ పిల్లాడు నిలబడ్డచోటే కిలోనో రెండు కిలోలో తగ్గుతాడు. సాయంత్రం ఎదురింటావిడ "బొద్దుగా ఉన్నాడే" అంటే తగ్గినదంతా తిరిగొచ్చి, పైన మరికాస్త చేరుతుంది. ఆ తర్వాత ఎవరూ నోరు మెదపకపోతే అదే బరువు నిలిచిపోతుంది.

ఊళ్ళో దీన్ని ఎవరూ వింతగా చూడరు. అంగన్‌వాడీలో తూకం రోజున టీచరు ముందుగా "పొద్దున్నుంచీ ఎవరేమన్నారు?" అని అడుగుతుంది. ఉయ్యాల తాళ్ళు అమ్మే కొట్టాయన పిల్ల వయసు అడగడు. "మీ ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఎట్టాంటోళ్ళండీ?" అని అడిగి, దాన్ని బట్టి తాడు మందం తీస్తాడు. పిల్లలు తమ గురించి తాము ఎంత గొప్పగా చెప్పుకున్నా గ్రాము కూడా కదలదు. పద్దెనిమిదేళ్ళు నిండిన రోజున మాటకు బరువు మారడం ఆగిపోతుంది. అప్పటికి ఎంత ఉంటే అంతతో ఎవరి బతుకు వాళ్ళు బతుకుతారు.

ఆ ఊరి పెద్దవీధిలో మాణిక్యమ్మ మాటకున్న పదును మరెవరి మాటకూ లేదు. కొడుకు, కోడలు హేమలత, ఐదేళ్ళ మనవరాలు ప్రణవి ఆమె సంసారం. మనవరాలంటే ఆమెకు పంచప్రాణాలు. ఆ ప్రాణాలన్నీ ఒకే మాటగా బయటికొచ్చేవి. పిల్ల నిద్రలేవగానే "అయ్యో, రాత్రికి రాత్రే చిక్కిపోయిందే!" బడి నుంచి రాగానే "మొహం పీక్కుపోయింది నా తల్లికి." అన్నం తిని చెయ్యి కడుక్కుంటుంటే కూడా "తిన్నది ఏ మూలకి పోతందో!" అందుకని ప్రణవి వారం పొడుగునా దూదిపింజలా ఉండేది. గాలి ఎక్కువున్న రోజుల్లో హేమలత ఆ పిల్ల బడిసంచిలో రెండు ఇటుకలు పెట్టి పంపేది. మిగతా తల్లులూ అంతే.

ఆదివారం మాత్రం లెక్క తిరగబడేది. ఆ రోజు ప్రణవి అమ్మమ్మ ఇంటికి వెళ్తుంది. అమ్మమ్మ బసవపూర్ణమ్మది చెరుకుతోట వీధి. పిల్లకు నేతిముద్దలు పెట్టి, సాయంత్రం గుమ్మంలో నిలబెట్టి వీధంతా వినేట్టు, "చూడండి, మా ఇంట్లో ఒక్క పూట తింటే చాలు, గుండ్రాయిలా అవుద్ది" అనేది. ఆ రాత్రి అల్లుడు కూతుర్ని భుజాన ఎత్తుకుని ఇంటికొచ్చేసరికి నడుం పట్టేసేది. సోమవారం తెల్లారగానే మాణిక్యమ్మ మళ్ళీ దించేసేది.

మాణిక్యమ్మ ఒక్క ప్రణవినే కాదు, ఎవర్నీ ఎప్పుడూ బాగున్నావని అన్నది లేదు. ఆమెకు తొలికాన్పులో కొడుకు పుట్టాడు. చూడొచ్చిన బంధువొకావిడ "ముద్దబంతిలా ఉన్నాడే" అన్న వారానికే ఆ పసివాడికి జ్వరం తగిలి, దక్కలేదు. అప్పట్నుంచీ ఆమె నోట్లో మంచిమాట కూడా భయపడి, చిక్కిపోయావన్న వేషం వేసుకునే బయటికొచ్చేది. ఇంట్లో అందరికీ ఆ సంగతి తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అనేవారు కాదు.

వానాకాలం మొదట్లో ప్రణవికి చెవిపోటు వచ్చింది. రెండు రోజులకు జ్వరం తగిలింది. దిండు మీద చీము మరక కనపడగానే హేమలత పిల్లను తువాలులో చుట్టి, అత్తగార్ని వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి బయల్దేరింది.

పిల్లల డాక్టరు షాహీనా ఆ ఊరికి కొత్త కాదు, పాతా కాదు. వచ్చిన కొత్తలో తూకం యంత్రం పాడైందనుకుని దాన్ని మార్చమని పైకి రాసింది. కొత్త యంత్రంతో పాటు ఒక బోర్డు కూడా వచ్చింది: "తూకం దగ్గర పిల్లలను వర్ణించరాదు." అది చదివాక ఆమెకు సంగతి అర్థమైంది. ఆసుపత్రి వాళ్ళు ఏ పిల్లనూ ఏమీ అనకూడదని వేరే ఉత్తర్వు కూడా ఉంది. తూకం గది కప్పుకు ముందుజాగ్రత్తగా మెత్తటి పరుపు కొట్టించి ఉంది. నేల మీద ఇనప పలక పరిచి ఉంది.

డాక్టరు ప్రణవి చెవిలోకి లైటు వేసి చూసి తల పంకించింది. "లోపల చీము పట్టిందమ్మా. యాంటీబయాటిక్ సిరప్ పడాలి. ఎంత పొయ్యాలనేది పాప బరువును బట్టి ఉంటుంది. తక్కువైతే క్రిములు చావవు, ఇంకా మొండికెత్తుతాయి. ఎక్కువైతే పాపకే కడుపు పాడవుతుంది. ఒక్కసారి ఎక్కించండి, తూకం చూద్దాం. ఎవరూ ఏమీ అనకండి."

హేమలత కూతుర్ని పళ్ళెం మీద నిలబెట్టింది. ముల్లు కదిలి ఎక్కడో ఆగబోతోంది. జ్వరంతో ఎర్రబడ్డ ఆ చిన్న మొహం చూసేసరికి మాణిక్యమ్మ మనసు ఆగలేదు. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ మాట కొంగులోంచి కూడా దూరి వచ్చేసింది.

"చిక్కి సగమైపోయింది నా బంగారు తల్లి!"

ముల్లు సరిగ్గా సగానికి పడిపోయింది. రేగులరేవులో మాటంటే మాటే.

డాక్టరు కలం పక్కన పెట్టింది. "పెద్దమ్మా, ఈ లెక్కన రాస్తే పాపకు సగం మందే పడుతుంది. ఆ సగం మందుతో జబ్బు తగ్గదు."

"నోరు జారిందమ్మా" అంది మాణిక్యమ్మ బిక్కమొహంతో.

అప్పుడే బసవపూర్ణమ్మ ఆయాసపడుతూ లోపలికొచ్చింది. జ్వరమని ఎవరో చెబితే చేతిలో గరిటె కూడా దించకుండా వచ్చేసింది. వరండాలో ఉండగానే వియ్యపురాలి మాట ఆమె చెవిన పడింది.

"సగమయిందా? మొన్న ఆదివారం మా ఇంట్లో తిని వచ్చిన పిల్ల సగమెట్టా అవుద్ది? గుండ్రాయిలా ఉంటేనూ!"

యంత్రం మూలిగింది. ముల్లు గిర్రున తిరిగి చివరి అంకె దగ్గర కొట్టుకుని వణికింది. కింద ఇనప పలక ఖంగుమంది. ప్రణవి తన కాళ్ళ వంక ఆశ్చర్యంగా చూసుకుని, "అమ్మా, పాదాలు లేవట్లేదు" అంది.

"ఈ లెక్కన అయితే సీసా సీసా తాగించాలి" అంది డాక్టరు శాంతంగా.

మాణిక్యమ్మకు ఒళ్ళు మండింది. "చూశావా డాక్టరమ్మా! వారానికి ఒక్క పూట పెట్టి, వారమంతా పెట్టినట్టు చెప్పుకుంటది. దీని కళ్ళకేం కనపడతంది? జ్వరమొచ్చిన పిల్లమ్మా అది! గాలేస్తే ఎగిరిపోయేట్టుంది!"

ఆ మాట పూర్తయ్యేలోపే ప్రణవి పాదాలు పళ్ళెం మీద నుంచి లేచాయి. గౌను గొడుగులా విచ్చుకుంది. పిల్ల మెల్లగా పైకి తేలి, కిటికీ దాటి, గడియారం దాటి, కప్పుకు కొట్టిన పరుపుకు వీపు ఆనించి ఆగింది. ఆయా మరియమ్మ తొందరేమీ పడకుండా వెళ్ళి ఫ్యాను ఆపింది. ఎగిరిన పిల్లల విషయంలో మొదట చెయ్యాల్సింది అదే.

"అమ్మా! ఇక్కడ బల్లి గుడ్లు పెట్టింది!" అని ప్రణవి పైనుంచి కేకేసింది. జ్వరం వచ్చాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. కానీ నవ్వేసరికి చెవి కలుక్కుమన్నట్టుంది, వెంటనే చెవి మీద చెయ్యి పెట్టుకుని మూలిగింది.

"ఎగిరిన పిల్లలకు డోసు లేదు. సున్నాని దేంతో హెచ్చవేసినా సున్నానే. ఎవరో ఒకరు దించండి" అంది డాక్టరు.

"నేను దించుతా. కాకపోతే మా ఇంట్లో తింటేనే ఒళ్ళు చేస్తదని ఆవిణ్ణి ఒప్పుకోమనండి" అంది బసవపూర్ణమ్మ.

"నువ్వు దించితే నేల బద్దలయిద్ది" అంది మాణిక్యమ్మ.

వాళ్ళిద్దరి మధ్యలోంచి హేమలత పైకి చూసి నెమ్మదిగా, "మా ప్రణవి బాగానే ఉంది" అంది. పిల్ల కప్పు నుంచి విడివడి, గడియారం దాకా దిగింది. తల్లి మాట పనిచేయదని ఎవరూ అనలేరు. అత్తగారు వెనకాలే ఉండడం వల్ల హేమలత మాట ఎప్పుడూ చివరిమాట కాలేదు, అంతే.

"ఏం బాగు? కళ్ళు లోపలికి పోతేనూ!" అంది మాణిక్యమ్మ అలవాటుగా. ప్రణవి మళ్ళీ పైకి లేచి పరుపుకు తగిలింది. ఈసారి తగిలింది చెవి వైపు. పిల్ల కెవ్వుమంది.

హేమలత అత్తగారి వంక చూసింది. కోపంగా కూడా చూడలేదు. ఆ చూపుకే మాణిక్యమ్మ బల్ల మీద కూర్చుంది. తాను ఇన్నాళ్ళూ పిల్లను దిష్టికి దూరంగా దాచానే అనుకుంది. దాచిదాచి, చేతికందనంత దూరం పంపేసింది.

"డాక్టరమ్మా, ఏమనాలి?" అని అడిగింది.

"నేను చెప్పకూడదు పెద్దమ్మా. మీకు కనపడేది ఉన్నదున్నట్టు చెప్పండి."

ఉన్నదున్నట్టు చెప్పడం ఆమె ఎరగదు. "మరీ అంత చిక్కలేదులే" అంది. ప్రణవి గడియారం దాకా వచ్చింది. "తింటంది. పెట్టింది తింటంది. నిన్న మాత్రం చెవి నొప్పికి తినలా." పిల్ల కిటికీ ఎత్తుకు దిగింది. ఇప్పుడు మనవరాలి కళ్ళు సరిగ్గా ఆమె కళ్ళకెదురుగా ఉన్నాయి. తడిసిన రెప్పలతో, ముక్కు చీదుకుంటూ గాల్లో వేలాడుతోంది. ఆ కళ్ళలోకి చూస్తూ మాణిక్యమ్మ, తన పెద్దకొడుకు పోయిన తర్వాత ఎన్నడూ అనని మాట అంది.

"బాగుంది. నా మనవరాలు బాగుంది. వయసుకు తగ్గట్టు ఎంతుండాలో అంతే ఉంది."

ప్రణవి పళ్ళెం మీద దిగిన చప్పుడు కూడా వినపడలేదు. ముల్లు అటూ ఇటూ తడబడకుండా పదహారు దగ్గర నిలబడింది. మాణిక్యమ్మ గబగబా పక్కకు తిరిగి "థూ థూ థూ" అని, వేళ్ళు విరిచింది. డాక్టరు చెవిలో ఎన్ని చుక్కలు, నోట్లో ఎంత సిరప్, రోజుకెన్ని సార్లు అన్నీ రాసిచ్చి, సీసాతో వచ్చే కొలత మూతతోనే పొయ్యాలని, ఇంట్లో చెంచాతో కాదని గట్టిగా చెప్పింది.

"జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకండి. మందు రాసినన్నాళ్ళూ పడాలి. అన్నాళ్ళూ పాప బరువు ఇదే ఉండాలి. ఇంట్లో నోళ్ళు జాగ్రత్త" అంది.

ఆ మాట బసవపూర్ణమ్మ కూడా విని తల ఊపింది. ఆ రాత్రే పెట్టె సర్దుకుని వియ్యాలవారింట్లో దిగింది. తన మాట మీద తనకు నమ్మకం లేదనీ, వియ్యపురాలి మాట మీద అసలే లేదనీ, ఇద్దరూ ఒకచోట ఉంటే ఒకర్నొకరు కనిపెట్టుకుని ఉండొచ్చనీ ఆమె ఆలోచన.

రేగులరేవులో జబ్బుపడ్డ పిల్లను చూడ్డానికి జనం బత్తాయిలతో పాటు ఒక వాక్యం కూడా తెస్తారు. ఆ వాక్యాన్ని లోపలికి రానివ్వకుండా వియ్యపురాళ్ళిద్దరూ గుమ్మానికి చెరోవైపు పీట వేసుకుని కూర్చున్నారు. బత్తాయిలు తీసుకునేవాళ్ళు. వచ్చినవాళ్ళ నోరు "అయ్యో" అని తెరుచుకోగానే బసవపూర్ణమ్మ అందులో బెల్లం ముక్క పెట్టేది. మాణిక్యమ్మ వెంటనే వానల గురించి ఎత్తుకునేది. వచ్చినవాళ్ళూ ఏమీ అనుకోలేదు. ప్రతి ఇంట్లోనూ పిల్లలుంటారు, ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు మందుసీసా ఉంటుంది.

మాణిక్యమ్మకు నాలుక దురద ఎక్కువై ఉండబట్టలేకపోయేది. అప్పుడు పెరట్లోకెళ్ళి, కనపడ్డవాటన్నింటి మీదా జాలిపడి వచ్చేది. "చిక్కిపోయావే" అని రోలును పలకరించేది. "మొహం పీక్కుపోయింది నీకు" అని గేదె మెడ నిమిరేది. రోలు బరువు తగ్గలేదు. గేదె ఎప్పట్లా నెమరేసింది.

రెండు రోజులకు ప్రణవి జ్వరం జారిపోయింది. పిల్ల మంచం దిగి గంతులేస్తుంటే, ఇంకా ఎందుకు ఆ చేదుమందు, మిగిలింది దాచి ఇంకోసారికి వాడుకోవచ్చు కదా అని మాణిక్యమ్మ కొడుకు అన్నాడు.

"నోర్ముయ్యరా. సగం మందు పొయ్యడానికా నేను నా నోరు ఇంతగా కట్టుకుంది?" అని మాణిక్యమ్మ కసిరింది. బసవపూర్ణమ్మ ఔనంది. వాళ్ళిద్దరూ ఒక మాట మీద ఉండడం పిల్లల పెళ్ళి అయ్యాక అదే మొదటిసారి కావడంతో కొడుకే వెళ్ళి సీసా తెచ్చి ఇచ్చాడు.

మందు ఇంకా మిగిలి ఉండగానే, హేమలతకు వరసకు పిన్ని అయ్యే ఒకావిడ దొడ్డిదారిన వచ్చేసింది. ముందు గుమ్మంలో కాపలా ఉన్నవాళ్ళకు తెలిసేలోపే వంటింట్లో ప్రణవిని చూసి, "పుల్లలా అయిపోయిందేంటే ఈ పిల్ల!" అంది. ప్రణవి చేతిలోని గిన్నె, పిల్ల కంటే బరువై, నేల మీద పడింది. మాణిక్యమ్మ పీట మీద నుంచి ఎగిరి దూకినంత పని చేసింది.

"బాగుంది! నా మనవరాలు బాగుంది! ఎంతుండాలో అంతే ఉంది!"

గిన్నె ఎత్తుకోవడానికి ప్రణవి మామూలుగా వంగింది. మాణిక్యమ్మకు ఆ మాట ఇప్పుడు అంత కష్టంగా తోచలేదు. నోట్లో ఇంకా తియ్యగా ఉంది కూడా. ఆ ఊపులోనే పొయ్యి దగ్గర నిలబడ్డ కోడలి వైపు తిరిగి, "నువ్వూ బాగున్నావే హేమా" అంది.

పెద్దవాళ్ళ బరువు మాటలకు మారదని ఊళ్ళో అందరికీ తెలుసు. అయినా ఆ పూటంతా హేమలత వంటింట్లో అడుగుల చప్పుడు లేకుండా తిరిగింది. బసవపూర్ణమ్మ కూతుర్ని గమనించి, వియ్యపురాలి ఆకులో ఇంకో గారె వేసింది.

సీసా ఖాళీ అయ్యాక డాక్టరు చెవి చూసి, శుభ్రంగా ఉందని చెప్పింది. ఇక ఎవరి మాట వాళ్ళది. ఆసుపత్రి నుంచి ఇంటికి మాణిక్యమ్మ మనవరాల్ని నడిపించుకుంటూ సంతవీధి గుండా బయల్దేరింది. వాన వెలిసి ఎండ కాస్తోంది. వీధంతా ఎప్పట్లాగే ఉంది. ఒకావిడ తన కూతుర్ని గాలిపటంలా దారం కట్టి లాక్కెళ్తోంది. ఆ పిల్ల పైనుంచి కొట్ల మీద గుడారాలను కాళ్ళతో తన్నుకుంటూ కేరింతలు కొడుతోంది. ఒకాయన తన కొడుకును తోపుడుబండి మీద పెట్టి చెమటలు కక్కుతూ తోస్తున్నాడు. వాళ్ళ వెనక ముసలివాళ్ళు, బంధువులు, దారిన పోయేవాళ్ళు మాటలు వేస్తూనే ఉన్నారు.

మగపిల్లలను చూసినవాళ్ళు "గుండ్రాయి" అనీ "పొట్టేలు" అనీ అంటున్నారు. ఆడపిల్లలను చూసినవాళ్ళు "సన్నజాజి" అనీ "మల్లెతీగ" అనీ అంటున్నారు. అన్నీ ముద్దుమాటలే. దాంతో ఆ వీధిలో మగపిల్లల్లో చాలామంది నేల మీద, ఆడపిల్లల్లో చాలామంది గాల్లో ఉన్నారు. కాస్త పెద్దయిన ఆడపిల్లలు తమంతట తామే గోడల వెంట ఏదో ఒకటి పట్టుకుని నడుస్తున్నారు. మాణిక్యమ్మ ఇన్నేళ్ళుగా ఆ వీధిన నడుస్తోంది గానీ దాన్ని చూడ్డం ఇప్పుడే. చూసి, మనవరాలి చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

పూలమ్మే ఆవిడ "సన్నజాజిలా ఉందే పాప" అంది. ప్రణవి మడమలు లేచాయి. మాణిక్యమ్మ "బాగుంది" అని దించింది. మిఠాయికొట్టాయన "బూరెలా ఉంది" అన్నాడు. ప్రణవి అడుగు బురదలో దిగబడింది. మాణిక్యమ్మ "బాగుంది" అని పైకి లాగింది. అలా ఒకళ్ళ మాటకు లేస్తూ, ఇంకొకళ్ళ మాటకు దిగుతూ నడవడం ప్రణవికి ఉయ్యాల ఊగినట్టుంది. ఒకటే నవ్వు. మాణిక్యమ్మకు కూడా నవ్వొచ్చింది. మలుపు తిరిగేసరికి ఇద్దరూ ఆయాసపడుతున్నారు.

ప్రణవి ఆగి తలెత్తింది. "నాయనమ్మా, అసలు నేనెంతుంటాను?"

"అసలంటే?"

"ఎవరూ ఏమీ అనకముందు."

మాణిక్యమ్మ చిన్నప్పుడు తను ఎంత ఉండేదో గుర్తు తెచ్చుకోవడానికి చూసింది. ఎవరెవరు ఏమేమన్నారో అన్నీ గుర్తొచ్చాయి. అంతకు ముందుది మాత్రం ఏదీ తగల్లేదు. ఎదురుగా పరిచయస్తులు ఇద్దరు ముగ్గురు చేతులూపుతూ నవ్వుమొహాలతో వస్తున్నారు. ప్రణవిని చూసి వాళ్ళ నోళ్ళు అప్పుడే తెరుచుకుంటున్నాయి.

"ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటూనే ఉంటారులే తల్లీ" అంది మాణిక్యమ్మ సంతోషంగా. "చెయ్యి వదలకు. నడు."